ఇంజను మౌంటింగులు: చిన్న రబ్బరు, పెద్ద బాధ్యత

(పాల రవాణా బండ్ల నిర్వహణపై సభ్య సంఘాల కార్యదర్శులకు, డ్రైవర్లకు జరిగిన శిక్షణ తరగతిలో వర్క్‌షాపు సిబ్బంది తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులలో మీరు వెన్న శాతం గురించి, పశువుల దాణా గురించి, క్యాన్ల పరిశుభ్రత గురించి ఇదివరకే విన్నారు. మేము పశువుల డాక్టర్లము కాము, పాల పరీక్షకులమూ కాము. బండి కింద పడుకొని పని చేసేవాళ్ళము. కనుక మాకు తెలిసిన సంగతే చెబుతాము. అది ఇంజను మౌంటింగుల సంగతి.

పాడి పశువుకూ డెయిరీకీ మధ్య ఒక రోడ్డు ఉన్నది. పితికిన పాలు గోరువెచ్చగా ఉంటాయి. వాటిని 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లబరిచేదాకా సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో బండి దారిలో గంటసేపు ఆగిపోతే, డెయిరీ గేటు దగ్గర కాచి చూసినప్పుడు పాలు విరిగిపోవచ్చు. ఆ నష్టం బండిది కాదు, ఇంజనుదీ కాదు. తెల్లవారుజామున లేచి పాలు పోసిన సభ్యురాలిది. అందువల్ల బండి బాగోగులు డ్రైవరుకు వదిలేసే విషయం కాదని, సంఘం పట్టించుకోవలసిన విషయమని ముందుగా మనవి చేస్తున్నాము.

మౌంటింగు చేసే పని

ఇంజనును నేరుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించరు. రెంటికీ నడుమ రబ్బరు ఉంటుంది. రెండు ఇనుప పలకల మధ్య రబ్బరును పోసి, వేడితో, ఒత్తిడితో ఆ ఇనుముకే అంటుకొనేటట్లు ఉడికించి చేస్తారు. దానినే మనం మౌంటింగు అంటున్నాము. వెనుక చక్రాలకు బలం పోయే జీపులకు, వ్యానులకు మామూలుగా ఇంజనుకు రెండు ప్రక్కల రెండు, గేర్‌బాక్సు కింద ఒకటి ఉంటాయి. ముందు చక్రాలకు బలం ఇచ్చే చిన్న కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది. వాటిలో మూడో నాలుగో మౌంటింగులు ఉంటాయి. చాలావాటిలో ఒకటి ఎముక ఆకారంలో కింది భాగాన ఉండి, ఇంజను ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టుకొంటుంది.

మౌంటింగు చేసే పనులు మూడు. ఇంజను, గేర్‌బాక్సుల బరువు మోయటం మొదటిది. అదురు బండికి తగలకుండా ఆపటం రెండవది. ఇంజను మెలిపడకుండా పట్టి ఉంచటం మూడవది.

అదురు సంగతి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతూ నిలకడగా ఉన్నదనుకొందాం. ఒక్కొక్క చుట్టుకు రెండు సిలిండర్లు మండుతాయి. అంటే నిమిషానికి 1600 దెబ్బలు, సెకనుకు దాదాపు 27. రెండు సిలిండర్ల చిన్న పాలబండిలో దెబ్బల సంఖ్య ఇందులో సగమే, కాని ఒక్కొక్క దెబ్బ మరింత విడిగా, గట్టిగా తెలుస్తుంది. ఆ దెబ్బలన్నీ రబ్బరు మింగుతున్నది గనుకనే మనం సీటులో కూర్చోగలుగుతున్నాము.

మెలిపడటం సంగతి ఇంకా ముఖ్యమైనది. ఇంజను ఇచ్చే మెలిబలం 15 కిలోగ్రాం మీటర్లు అనుకొందాం. మొదటి గేరు దానిని నాలుగు రెట్లు చేస్తే, వెనుకకు పోయే షాఫ్టు మీద 60 వస్తుంది. షాఫ్టు ఒక వైపుకు తిరగాలంటే, ఇంజను గేర్‌బాక్సుతో సహా అంతే బలంతో రెండవ వైపుకు తిరగజూస్తుంది. రెండు ప్రక్కల మౌంటింగుల నడుమ అర మీటరు దూరం ఉంటే, ఒక ప్రక్క 120 కిలోల బలం అదనంగా కిందికి నొక్కుతుంది, రెండవ ప్రక్క 120 కిలోల బలం పైకి లాగుతుంది. 120 కిలోలంటే సుమారు మూడు నిండు క్యాన్ల పాల బరువు. బురదలో దిగబడ్డ బండిని డ్రైవరు క్లచ్చి ఒక్కసారి వదిలి లాగించిన ప్రతిసారీ ఆ రబ్బరు మీద ఇంతకంటె ఎక్కువ బలం పడుతుంది. రబ్బరు మోయటమే గాక, పైకి లాగే బలాన్ని కూడా తట్టుకోవాలన్న సంగతి గుర్తు పెట్టుకోండి. దీనితో తరువాత పని ఉన్నది.

కొద్దిగా చరిత్ర

తొలి రోజుల కార్లలో ఇంజను ఛాసిస్‌కు గట్టిగా బిగించి ఉండేది. 1931లో అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు మీద, దాని బరువు కేంద్రం గుండా పోయే గీత వెంట ఊగేటట్లు నిలబెట్టింది. ముందు ఆధారం ఎత్తుగా, వెనుకది పల్లంగా ఉండేది. ఆ పద్ధతికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఆ హక్కును కొనుక్కొని, నీటిపై తేలే హంస బొమ్మతో ప్రచారం చేసింది. నాలుగు సిలిండర్ల కారు కూడా మెత్తగా నడవగలదని జనానికి అప్పుడు తెలిసింది.

ఆ రబ్బరు తెగితే ఏమవుతుందో కూడా అమెరికాలోనే తెలిసివచ్చింది. 1965 నుంచి 1969 వరకు తయారైన షెవర్లే కార్లలో రబ్బరు ఇనుము నుంచి ఊడిపోవటం మొదలైంది. డ్రైవరు వేగం పెంచగానే ఇంజను ఒక ప్రక్కకు లేచేది. దానితోపాటు యాక్సిలరేటరు కడ్డీ లాగబడి, కాలు తీసినా వేగం తగ్గేది కాదు. బ్రేకుకు సాయపడే వాక్యూం గొట్టం ఊడిపోయే ప్రమాదం కూడా ఉండేది. చివరకు 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 67 లక్షల బండ్లను మరమ్మతుకు వెనక్కి పిలవవలసి వచ్చింది. రబ్బరు తెగినా ఇంజను పైకి లేవకుండా ఒక తీగ తాడును కట్టి ఇచ్చారు. ఆ తరువాత వచ్చిన చాలా మౌంటింగులలో, రబ్బరు ఊడినా ఇనుముకు ఇనుము తగులుకొని ఇంజనును ఆపే ఏర్పాటు ఉంటున్నది. అది ప్రాణం కాపాడటానికే గాని, అట్లాగే నెలల తరబడి బండి తోలటానికి కాదు.

రబ్బరు ఎందుకు చెడుతుంది?

మొదటి శత్రువు నూనె. మౌంటింగులలో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు. దానికి సాగే గుణం ఎక్కువ, కాని ఇంజనాయిలు, డీజిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. వాల్వు మూత నుంచి కారే ఆయిలు చుక్క చుక్కగా మౌంటింగు మీద పడుతుంటే, కొత్తది వేసినా నిలవదు. మన దగ్గర ఇంకొక అలవాటు ఉన్నది. పండుగకు ముందో, బండి ఫిట్‌నెస్‌కు ముందో ఇంజనును డీజిలుతోనో, కిరోసినుతోనో కడుగుతారు. ఇంజను తళతళలాడుతుంది, రబ్బరు మాత్రం ఆ డీజిలు తాగుతుంది. సబ్బు నీటితో, గుడ్డతో తుడిస్తే చాలును.

రెండవ శత్రువు వేడి. సైలెన్సరు గొట్టానికి దగ్గరగా ఉన్న మౌంటింగు గట్టిపడి, పెళుసై, పగులుతుంది. వేడికి అడ్డంగా ఉండే రేకును ఒకసారి విప్పి, మళ్ళీ పెట్టకుండా వదిలేస్తే ఈ గతి త్వరగా పడుతుంది. మూడవది వదులైన బోల్టు. నాలుగవది తోలే తీరు. అయిదవది వయసు. కదలకుండా షెడ్డులో ఉన్న బండికైనా రబ్బరు ముసలితనం తప్పదు.

గుర్తులు

నిలబడి ఉన్నప్పుడు బండి ఎక్కువగా వణకటం, క్లచ్చి వదిలేటప్పుడు, రివర్సు గేరు వేసేటప్పుడు ముందు భాగంలో దబ్బుమని చప్పుడు రావటం, గేరు రాడ్డు దానంతట అది ఎగిరిపడటం, బండి ఎత్తుకొనేటప్పుడు కుదుపులు, సైలెన్సరు గొట్టం ఒకే చోట మాటిమాటికీ పగలటం, ఫ్యాను రెక్కలు రేడియేటరు తొడుగుకు రాసుకోవటం, ఇవన్నీ మౌంటింగును చూడమని చెప్పే గుర్తులు.

మా వర్క్‌షాపుకు ఒకసారి ఒక సంఘం జీపు వచ్చింది. సైలెన్సరు గొట్టానికి బయట మూడుసార్లు వెల్డింగు చేయించారు. ప్రతిసారీ పాత అతుకు ప్రక్కనే మళ్ళీ పగిలింది. డ్రైవరును అడిగితే, రెండు నెలలుగా గేరు వేసినప్పుడల్లా దబ్బుమంటున్నదని చెప్పాడు. ఆ మాట లాగ్‌బుక్కులో ఎక్కడా లేదు. చూడగా ఎడమ ప్రక్క మౌంటింగు రబ్బరు పూర్తిగా ఊడి ఉన్నది. ఊగే ఇంజను గొట్టాన్ని రోజూ విరుస్తున్నది. మౌంటింగులు మార్చి, గొట్టం అతికించాక ఆ జబ్బు పోయింది. రోగం ఒకచోట, మందు ఒకచోట అయితే డబ్బు దండుగే.

అయితే వణికిన ప్రతి ఇంజనుకూ మౌంటింగే కారణం కాదు. ఇంజను చప్పుడు విని చూడండి. చప్పుడు సమంగా ఉండి, బండి మాత్రం వణుకుతుంటే మౌంటింగును అనుమానించవచ్చు. చప్పుడే తడబడుతూ, ఒక దెబ్బ తప్పుతున్నట్లు ఉంటే ఇంజెక్టరునో, ప్లగ్గునో ముందు చూడాలి. నిలకడ వేగం మరీ తక్కువగా పెట్టినా వణుకు వస్తుంది. మండని సిలిండరును కొత్త రబ్బరు బాగుచేయదు.

పరీక్ష చేసే విధానం

బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టండి. ఇంజను చల్లారాక టార్చి లైటుతో ప్రతి మౌంటింగునూ చూడండి. పైపైన సన్నని పగుళ్ళు ఉంటే భయం లేదు. రబ్బరు ఇనుము నుంచి విడివడినా, లోతుగా చీలినా, జిగటగా ఉబ్బినా, ఒక ప్రక్కకు కుంగినా మార్చవలసిందే. ఈ రోజుల కార్లలో కొన్ని మౌంటింగుల లోపల ద్రవం ఉంటుంది. వాటి మీద తడి చార కనిపిస్తే ద్రవం కారిపోయినట్లే.

తరువాత కదలిక పరీక్ష. అనుభవం ఉన్న డ్రైవరు సీటులో కూర్చొని, ఇంజను నడుస్తుండగా, కాలి బ్రేకు గట్టిగా నొక్కి, మొదటి గేరులో క్లచ్చిని కొద్దిగా మాత్రమే వదలాలి. బండి కదలకూడదు. తరువాత రివర్సు గేరులో అట్లాగే చేయాలి. చూసేవారు బండికి ప్రక్కన నిలబడాలి. ముందు గాని, వెనుక గాని ఎవ్వరూ ఉండరాదు. పిల్లలను దూరంగా పంపించండి. ఇంజను కొంచెం ఒరగటం సహజం. ఒక ప్రక్క పైకి లేచి దబ్బున పడితే ఆ ప్రక్క మౌంటింగు తెగినట్లు లెక్క.

మార్చే విధానం

ఈ పని మెకానిక్కే చేయాలి. కాని చేయించే సంఘంవారికి క్రమం తెలిసి ఉంటే మంచిది.

ముందుగా బ్యాటరీ నెగెటివు వైరు తీయాలి. ఆయిలు కారుతుంటే ముందు ఆ కారటం ఆపాలి. ఇంజనును జాకీతో మోయించేటప్పుడు నడుమ వెడల్పాటి చెక్క పెట్టాలి. ఆయిలు డ్రెయిను నట్టు మీద గాని, పలుచని ఆయిలు తొట్టి నడుమ గాని జాకీ పెట్టరాదు. ఆ తొట్టి నొక్కుకుపోతే లోపలి ఆయిలు పంపుకు దారి మూసుకుపోవచ్చు. మనిషి కిందికి దూరవలసి వస్తే బండిని స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి ఎవ్వరూ బండి కిందికి పోవద్దు.

ఇంజనును కొద్దిగా, బరువు తేలేంత మాత్రమే ఎత్తాలి. ఎత్తుతూ ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య సందును, రబ్బరు గొట్టాలను, వైర్లను, యాక్సిలరేటరు కేబులును చూసుకోవాలి. మౌంటింగులను ఒకదాని తరువాత ఒకటిగానే విప్పాలి. అన్నీ ఒక్కసారి విప్పితే ఇంజను పక్కకు జరిగి, రంధ్రాలు కలవక గంటల కాలం పోతుంది. ఇంజనుకూ బ్రాకెట్టుకూ మధ్య వేలు పెట్టి రంధ్రం వెదకవద్దు. దానికి కడ్డీ వాడాలి.

కొత్త మౌంటింగుకు ఏ వైపు ముందో చూపే బాణం గుర్తో, గాటో ఉంటే దాని ప్రకారం పెట్టాలి. బోల్టులన్నీ మొదట చేతితో తిప్పి వదలాలి. జాకీ దించి, ఇంజను బరువు రబ్బరు మీద కూర్చున్నాక, కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో టార్కు రెంచితో బిగించాలి. గాలిలో ఉండగానే బిగిస్తే రబ్బరు మెలిపడి బిగుసుకొంటుంది. వణుకు పోదు, కొత్త రబ్బరు త్వరగా తెగుతుంది. రబ్బరుకు గ్రీసు పూయరాదు. బుష్షు దూరకపోతే సబ్బు నీరు వాడవచ్చును.

ఒక ప్రక్క మౌంటింగు తెగితే దాని జోడును కూడా మార్చటం మంచిది. తెగినదాని భారం అన్నాళ్ళూ మిగిలినవి మోశాయి. ఒకవైపు కొత్తది, ఒకవైపు కుంగినది ఉంటే ఇంజను వంకరగా కూర్చుంటుంది.

ఇక పాత టైరు ముక్కల సంగతి. తెగిన మౌంటింగు చోట టైరు ముక్క కోసి దూర్చి, పొడుగు బోల్టు బిగించి పంపటం మనకు కొత్త కాదు. ఇందాక గుర్తు పెట్టుకొమ్మని చెప్పిన మాట ఇక్కడికి వస్తుంది. టైరు ముక్క బరువు మోయగలదు. కాని అది ఇనుముకు అంటుకొని లేదు గనుక పైకి లాగే బలాన్ని పట్టలేదు. ఆ బలమంతా బోల్టు మీద, బ్రాకెట్టు మీద పడి, చివరకు బ్రాకెట్టు విరుగుతుంది. పైగా టైరు గట్టిది కాబట్టి అదురు మొత్తం బండికి ఎక్కుతుంది. అది ఖాళీ బండిని గ్యారేజి దాకా చేర్చటానికి పనికివస్తే రావచ్చు. పాల ట్రిప్పుకు పనికిరాదు.

పని అయ్యాక ఫ్యాను సందు, బ్రేకు వాక్యూం గొట్టం, సైలెన్సరు, గేరు రాడ్డు, యాక్సిలరేటరు తిరిగి రావటం, ఇవన్నీ చూసుకొని ఖాళీ బండితో ఒక చుట్టు తిరిగి రావాలి. కొద్ది రోజుల తరువాత బోల్టులు మరొకసారి చూడాలి.

జెనరేటరును మరువవద్దు

పాల శీతలీకరణ కేంద్రం ఉన్న సంఘాలకు ఒక మాట. మీ డీజిలు జెనరేటరు కింద కూడా ఇటువంటి రబ్బరు దిమ్మలే ఉంటాయి. అవి చెడితే డీజిలు గొట్టాలు, కరెంటు తీగల కలయికలు అదిరి వదులవుతాయి. కరెంటు పోయిన రాత్రి, తొట్టె నిండా పాలు ఉన్నప్పుడు జెనరేటరు ఆగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు.

ఖర్చు ఎవరిది?

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తున్నాము. చాలా సంఘాల పాలబండ్లు కిరాయివి. మౌంటింగు తెగితే బండి యజమాని, మీ రోడ్లే పాడు చేశాయంటాడు. సంఘం, బండి నీది, మరమ్మతు నీదంటుంది. ఇద్దరి మధ్యా డ్రైవరు తెగిన మౌంటింగుతో చీకట్లో బయలుదేరుతాడు. ప్రాణం అతనిది, పాలు సభ్యులవి. వాదించుకొనే ఇద్దరూ ఆ సమయానికి ఇంట్లో ఉంటారు.

దీనికి మా సూచనలు ఇవి. కిరాయి ఒప్పందంలోనే మౌంటింగులు, బ్రేకులు, స్టీరింగు మరమ్మతు ఎవరిదో రాసుకోండి. బండిని పెట్టుకొనే రోజునే కదలిక పరీక్ష చేయించి, ఫలితం రాసి, ఇద్దరూ సంతకం చేయండి. నెలకొకసారి మౌంటింగులను టార్చితో చూసి తేదీ వేయండి. డ్రైవరు చప్పుడు వస్తున్నదని చెబితే, పని తప్పించుకొనే సాకుగా తీసుకోకుండా ఆ రోజే లాగ్‌బుక్కులో రాయండి. బండి మరమ్మతులో ఉన్న పూట పాలు మోయటానికి ప్రక్క సంఘంతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ ఏర్పాటు లేకపోవటం వల్లనే, ఈ ఒక్క ట్రిప్పు పోయి రా అని డ్రైవరును పంపవలసి వస్తున్నది.

డ్రైవరు సోదరులకు కూడా ఒక మాట. రబ్బరు మీద సన్న పగుళ్ళు ఉంటే తరువాతి సర్వీసు దాకా ఆగవచ్చును. రబ్బరు ఊడిన బండిని మాత్రం నిండు క్యాన్లతో తీయమని ఎవరు చెప్పినా, కారణం రాసి ఇచ్చి ఆగండి. అది ఎదురు తిరగటం కాదు. పాలనూ, మనుషులనూ కాపాడటమే.

మేము చెప్పినదానిలో పెద్ద విద్య ఏమీ లేదు. ఒక టార్చి లైటు, ఒక లాగ్‌బుక్కు, చెప్పినది వినే చెవి ఉంటే సగం పని అయినట్లే. మిగిలిన సగం పానాలతో చేయటానికి మేము ఉన్నాము. ప్రసంగం ముగిశాక బయట ఆపిన మూడు బండ్ల మీద కదలిక పరీక్ష చేసి చూపిస్తాము. దయచేసి అందరూ రండి, డ్రైవర్లు ముందు వరుసలో నిలబడండి.